ఎడమచేతి పాఠం

గద్దల దీవెన తన తల్లి గొంతును పోగొట్టుకున్నది తన ప్రయోగశాలలోనే, తను కట్టిన యంత్రంలోనే, పట్టపగలు. అందుకామె అప్పట్లో పెద్దగా బాధపడలేదు. పగబట్టిన మనిషికి ఎదురుగా ఉన్నది తప్ప చేతిలోంచి జారిపోయేది కనపడదు.

ఆ రోజు తీగల టోపీ తలకు పెట్టుకుని కుర్చీలో కూర్చుంది. తెర మీద ‘అరక’ అన్న మాట కనిపిస్తే చదివింది. అంతే. పక్కనున్న స్పీకరు కాసేపు గరగరమని, ఆ తర్వాత అందులోంచి ఒక ఆడమనిషి గొంతు పలికింది.

“ఇట్టా గుండ్రంగా తిప్పి ఇక్కడ ఆపు. అదే అ. అబ్బో, నా తల్లే, పలక పగిలేట్టు నొక్కుతున్నావే!”

ప్రయోగశాల పెద్ద వరదరాజులు గారు కుర్చీలోంచి సగం లేచారు. “ఎవరమ్మా ఆవిడ?”

“మా అమ్మండి, సలోమి. మిర్చి యార్డులో తొడిమలు తీసే పనికి పోయేది. మంటెక్కిన ఆ వేళ్లతోనే మాకు అక్షరాలు దిద్దించింది.”

దీవెన పదేళ్లుగా పట్టుకు వేలాడిన సంగతి ఇదే. మనిషి దేన్నయినా మొదటిసారి నిజంగా అర్థం చేసుకున్నప్పుడు, చెప్పినవాళ్ల గొంతు కూడా దానితోపాటే బుర్రలో పడి ఉంటుంది. ఆ సంగతిని వాడుకున్నప్పుడల్లా ఆ గొంతు లోపల కదులుతుంది. మనకు వినపడదు, యంత్రానికి వినపడుతుంది. బట్టీ పట్టినదానికి గొంతు ఉండదు. పక్కవాడి కాగితంలో చూసి రాసినదానికి అసలే ఉండదు. దీనికి ఆమె ‘గొంతుజాడ’ అని పేరు పెట్టింది.

ఇంటికి పోతూ బస్సులో తల్లిని తలుచుకుంటే సలోమి మొహం వచ్చింది, చీర వచ్చింది, అన్న మాటలూ వచ్చాయి. గొంతు మాత్రం రాలేదు. మర్నాడు రికార్డు పెట్టుకుని వింటే ఎవరో పరాయి ఆవిడ మాట్లాడినట్టుంది. వరదరాజులు గారు నమ్మక, తనకు ఎక్కాలు నేర్పిన తండ్రి గొంతును బయటికి తీయించుకుని చూశారు. ఆయనకూ అంతే జరిగింది. ఎక్కాలు మిగిలాయి, తండ్రి గొంతు పోయింది.

“బయటికొచ్చిన గొంతు మళ్లీ లోపలికి పోదన్నమాట,” అన్నారాయన. “దీన్ని ఇంకెవరి మీదా వాడొద్దమ్మా.”

“మా తమ్ముడి మీద వాడాలండి,” అంది దీవెన. “వాడి కోసమే దీన్ని కట్టాను.”

తమ్ముడు అభిషేకం ఆమె కన్నా ఏడాది చిన్న. సలోమి ఇద్దర్నీ గుంటూరులో ఒకే బళ్లో వేసింది. దాని పేరు స్వర్ణమేధ పబ్లిక్ స్కూలు. కరస్పాండెంటు కోటిలింగం మాస్టారు. ఆ బళ్లో చురుకైన పిల్లల్ని ముందు వరసల్లో కూర్చోబెట్టి పాఠం చెప్పేవాళ్లు. మిగతావాళ్లను వెనక వరసల్లో కూర్చోబెట్టి, అల్లరి చెయ్యకుండా ఉంటే చాలనుకునేవాళ్లు. దీవెన ఫొటో బడి గోడ మీద ఫ్లెక్సీ ఎక్కింది. అభిషేకం బదులు పదో తరగతి పరీక్షలు ఇంకెవరో రాసిపెట్టారు. బడికి నూటికి నూరు శాతం ఉత్తీర్ణత కావాలి మరి! ఆ సర్టిఫికెట్‌లో మార్కులు చూసి సలోమి పేటంతా తీపి పంచింది, పాపం.

ఆ మార్కులు చూసే వాడికి మిరపకాయలు దాచే కోల్డ్ స్టోరేజీలో ఆపరేటరు పని ఇచ్చారు. అమ్మోనియా గొట్టాల పక్కన, ఏ వాల్వు ముందు తిప్పాలో, దేన్ని ముట్టుకోకూడదో బోర్డు మీద రాసి ఉంటుంది. ఒకరోజు అభిషేకం ముట్టుకోకూడనిది తిప్పాడు. లోపల బస్తాలు సర్దుతున్న ఏడుకొండలు అనే కూలీ ఊపిరాడక చచ్చిపోయాడు.

“నాకు చదవడం రాదయ్యా,” అని అభిషేకం కోర్టులో మొత్తుకున్నాడు. కోటిలింగం ఇస్త్రీ చొక్కాతో వచ్చి, బోనులో నిలబడి, ఆ మార్కులు చూపించాడు. ఇంత బాగా చదివినవాడికి బోర్డు చదవడం రాదంటే ఎవరు నమ్ముతారన్నాడు. కోర్టు నమ్మలేదు. ఒళ్లు తెలియని నిర్లక్ష్యమని అభిషేకాన్ని జైలుకు పంపింది. వాడు లోపల ఉండగానే సలోమి పోయింది.

తీర్పు రోజున దీవెన కోర్టు మెట్ల మీద కోటిలింగానికి అడ్డం నిలబడి, తమ్ముడికి చదువెందుకు చెప్పలేదని అడిగింది. ఆయన జాలిగా చూసి, “నీకూ మేమే చెప్పాం గదమ్మా. నీకొచ్చింది. వాడి బుర్ర మట్టి. మట్టికి మేమేం చేస్తాం?” అని కారెక్కాడు.

ఆ మాట దీవెన మర్చిపోలేదు. తిన్నా పడుకున్నా ఆ మాటే. శాసనసభ విద్యాబాధ్యత చట్టం చేసినప్పుడు ఆమె కన్నా సంతోషించినవాళ్లు రాష్ట్రంలో ఎవరూ ఉండి ఉండరు. పిల్లవాడి బుర్రలో ఏమీ పెట్టకుండా, పెట్టామని సర్టిఫికెట్ ఇచ్చిన బడి, ఆ సర్టిఫికెట్ వల్ల జరిగిన ప్రతి నష్టానికీ జవాబు చెప్పాలంది ఆ చట్టం. అభిషేకం విడుదలై వచ్చేసరికి దీవెన కేసు సిద్ధం చేసి పెట్టుకుంది.

తమ్ముడు ప్రయోగశాలకు వచ్చిన రోజున వరదరాజులు గారు గట్టిగా చెప్పారు. “పోయేదేంటో వాడికి ముందు చెప్పు. వాడు సరేనంటేనే మీట నొక్కు.”

దీవెన చెప్పింది. ఎలా చెప్పింది! శ్రవణ ముద్రలనీ, నాడీ సంధానాలనీ, తిరిగిరాని క్షయమనీ, డాక్టర్లు కాగితం మీద మందు రాసినంత వేగంగా చెప్పి, “అర్థమైందా అబిషేకూ?” అంది. వాడు చెయ్యెత్తాడు. ఆమె అప్పటికే మీట వైపు తిరిగింది.

కుర్చీ ముందు బుట్టెడు చింతగింజలు పోసి లెక్కపెట్టమంది. వాడు ఒక్కొక్కటే తీయడం మొదలుపెట్టగానే స్పీకరు పలికింది. “ఒకటి అక్కకి, రెండు నీకు, మూడు మీ నాయనకి. ఏందిరా, నాలుగూ నీకేనా? మరి నాకేదిరా దొంగ వెధవా?”

“అమ్మ!” అని అరిచాడు అభిషేకం. గింజలన్నీ కింద పడ్డాయి. “అక్కా, అమ్మేనే! ఇంకోసారి పెట్టవే!”

“తర్వాత పెడతాలే,” అంది దీవెన. ఎందుకు పెట్టలేదో ఆమెకు తెలుసు. వరదరాజులు గారికీ తెలుసు. ఆయన గదిలోంచి వెళ్లిపోయారు.

కోర్టు హాలు కిటకిటలాడింది. యంత్రాన్ని బోను పక్కనే పెట్టించారు. కోటిలింగం ముందు వరసలో కూర్చున్నాడు. జుట్టు నెరిసింది గానీ చొక్కా ఇస్త్రీ మాత్రం చెక్కుచెదరలేదు.

పదో తరగతి పుస్తకాల్లోంచి పాఠం తర్వాత పాఠం గట్టిగా చదివి వినిపించారు. అభిషేకం టోపీ పెట్టుకుని వింటూ కూర్చున్నాడు. సైన్సుకు స్పీకరు పలకలేదు. లెక్కలకు పలకలేదు. సాంఘిక శాస్త్రానికి గరగర కూడా లేదు. జడ్జిగారు, నడివయసు ఆవిడ, ఆ నిశ్శబ్దాన్ని శ్రద్ధగా విన్నారు. దీవెన కోటిలింగం మొహం వంకే చూస్తూ కూర్చుంది. ఆయన నుదురు చెమట పడుతుంటే ఆమెకు పండగలా ఉంది.

కోటిలింగం తరఫు ప్లీడరు శేషగిరి లేచాడు. “అమ్మా, ఇతను సంతకం పెడతాడు. కూడబలుక్కుని అక్షరాలు చదువుతాడు. అవి ఎవరు నేర్పారు? చట్టం ప్రకారం, ఇంకొకరు నేర్పారని రుజువు కానంతవరకు బడి నేర్పినట్టే లెక్క.”

“రుజువు చేస్తాం,” అంది దీవెన. “వాయిదా ఇవ్వండి. అక్షరాలు నేర్పిన గొంతు ఎవరిదో ఈ కోర్టుకే వినిపిస్తాం.”

శేషగిరి అక్కడితో ఆగితే బాగుండేది. కానీ గెలిచే కేసులో ఇంకొక్క మెట్టెక్కి చూపించాలని సరదా పడ్డాడు. టోపీ తియ్యబోతున్న అభిషేకం దగ్గరకొచ్చాడు.

“కోల్డ్ స్టోరేజీలో ఇంజనీరు నీకు బోర్డంతా చదివి వినిపించాడా లేదా?”

“వినిపిచ్చాడండి.”

“అర్థమైందా అని అడిగాడు. నువ్వు చెయ్యెత్తావు. అవునా?”

“అవునండి.”

“ఎలా ఎత్తావో జడ్జిగారికి చూపించు. ఊఁ, ఇప్పుడు నేనే ఇంజనీరుని. అర్థమైందా?”

అభిషేకం చెయ్యెత్తాడు. ఎడమ చెయ్యి.

స్పీకరు గరగరమనలేదు. ఒక్కసారిగా, ఖంగుమని పలికింది. “ఇన్‌స్పెక్టరు గారు అర్థమైందా అనగానే చేతులన్నీ పైకి లేవాల. తెలిసినోళ్లు కుడి చెయ్యి, తెలియనోళ్లు ఎడమ చెయ్యి. నేను కుడి చెయ్యి వాళ్లనే లేపుతా. ఒక్క చెయ్యి కింద కనపడిందా, వీపు చీరేస్తా!”

అది కోటిలింగం గొంతు. పాతికేళ్ల కిందటి గొంతయినా పోల్చుకోలేనివాళ్లు హాల్లో లేరు. అన్నేళ్లలో ఆ బడి అభిషేకానికి నిజంగా అర్థమయ్యేలా చెప్పిన పాఠం అదొక్కటే. దాన్ని వాడు ఎంత బాగా నేర్చుకున్నాడంటే, ఇంజనీరు ముందు కూడా తప్పకుండా అప్పజెప్పాడు. ఇంజనీరుకు చెయ్యి కనిపించింది, తాళాలు ఇచ్చేశాడు.

హాలంతా గోలగోలయింది. శేషగిరి తేరుకుని, ఎప్పుడో ఒక మాస్టారు ఒక పిల్లాడితో సరదాకి అన్న మాట పట్టుకుని బడినంతా దోషి అనలేమని అరిచాడు. జడ్జిగారు వచ్చే వాయిదాకు అక్షరాల గొంతయినా తెమ్మన్నారు, ఇంకే సాక్ష్యమైనా తెమ్మన్నారు. అందరూ దీవెనను అభినందించారు. ఆమెకు అవేవీ వినపడలేదు. ప్రయోగశాలలో “అర్థమైందా” అని తను అడిగినప్పుడు తమ్ముడు ఎత్తింది ఏ చెయ్యి? ఆమె చూడలేదు. కోటిలింగం ఎలాంటి వాడో ఆమెకు తెలుసు, తను ఎలాంటిదో అప్పుడే తెలిసింది.

మర్నాడు మధ్యాహ్నం సంగడిగుంటలో తమ్ముడి గదికి వెళ్లింది. వాడు యార్డులో బస్తాలు మోసి వచ్చి అన్నం తింటున్నాడు. గదంతా మిరపఘాటు.

“అబిషేకూ, ఆరోజు ప్రయోగశాలలో నేను చెప్పింది నీకర్థమైందా?”

వాడు ముద్ద కలుపుతూ ఉండిపోయాడు. “నువ్వు చెప్పావుగదక్కా, మంచిదే అయ్యుంటదిలే అనుకున్నా.”

“అర్థం కాలేదన్నమాట. ఇప్పుడు చెప్తా. నీకు అర్థమయ్యేదాకా ఇక్కణ్ణించి లేవను.” దీవెన చాప మీద కూలబడింది. “ఆ యంత్రం గొంతు వినిపించి ఊరుకోదురా. లాగేస్తది. అమ్మ గొంతు ఒకసారి బయటికొచ్చిందంటే ఇక నీ తలకాయలో ఉండదు. రికార్డులో ఉంటది. కానీ అది విన్నా నీకు అమ్మలా అనిపించదు. నాకూ అట్టాగే పోయింది.”

అభిషేకం చెయ్యి కంచంలోనే ఆగిపోయింది.

“అందుకా!” అన్నాడు. “బస్తాలు లెక్కపెట్టేటప్పుడు అమ్మ పక్కన నిలబడి చెప్తన్నట్టే ఉండేది. ఈ మధ్య ఉండట్లా. అమ్మని నేనే మర్చిపోతన్నా, ఎంత పాపిష్టోణ్ణి అని చెంపలేసుకున్నానే.”

“నాదేరా పాపం. ఆణ్ణి పడగొట్టాలని నీకు చెప్పకుండా చేశా.”

“ఆడూ అంతేగదక్కా. పైవాళ్లకి చూపిచ్చడానికి నన్ను కూర్చోబెట్టాడు. నువ్వూ కూర్చోబెట్టావు.”

దీవెనకు ఏడుపొచ్చింది. ఏడిస్తే వాడు ఓదారుస్తాడని, తనకా యోగ్యత లేదని, ఆపుకుంది. “ఇప్పుడు నువ్వు చెప్పరా. అమ్మ నీకు అక్షరాలు నేర్పిన గొంతు ఇంకా నీ దగ్గరే ఉంది. అమ్మది మిగిలింది అదొక్కటే. అది కోర్టుకిస్తే కోటిలింగం జైలుకి పోతాడు. ఇవ్వకపోతే తప్పించుకుంటాడేమో. నువ్వేదంటే అది.”

“అమ్మనిచ్చి ఆణ్ణి జైలుకి పంపేదేంది? ఇవ్వను.” కంచం పక్కకు నెట్టాడు. చెయ్యి కడుక్కుంటూ అన్నాడు. “అక్కా, మరి నిన్న ఆడి గొంతొచ్చింది గదా. అది కూడా పోయినట్టేనా నాలోంచి?”

“పోయినట్టే.”

అభిషేకం కళ్లు పెద్దవయ్యాయి. “అదీ సంగతి! పొద్దున మేస్త్రి ఏందో గబగబా చెప్తే, ‘నాకు తెలవలా, మళ్లీ చెప్పు’ అన్నా. అని నాకే బయమేసింది. ఎప్పుడూ అట్టా అన్లేదే నేను! వీపు చీరేస్తాడని లోపల ఎవుడో ఉండేవోడు. ఇయ్యాల లేడు.” వాడి మొహంలో మెల్లగా ఒక నవ్వు వచ్చింది. అంత మంచి నవ్వేం కాదది. “అక్కా, ఎనక బెంచీలోళ్లు నేనొక్కణ్ణేనా? అందరికీ తియ్యి. ఆణ్ణి ముందర కూర్చోబెట్టి తియ్యి.”

వెనక వరసల వాళ్ల ఆనవాళ్లు బడికి తెలియవు గానీ అభిషేకానికి తెలుసు. యార్డుకు పోయాడు, ఆటో స్టాండుకు పోయాడు, పత్తి మిల్లుల గేట్ల ముందు నిలబడ్డాడు. దీవెన ప్రతి ఒక్కరికీ పోయేదేంటో తాపీగా చెప్పింది. అర్థమైందని నోటితో అన్నవాళ్లనే రమ్మంది. చెయ్యెత్తినవాళ్లకు మళ్లీ మొదటినుంచీ చెప్పింది.

వాయిదా నాడు కోర్టు మెట్ల దాకా జనం. ముందుగా అభిషేకం లేచి, తన తల్లి గొంతు ఇవ్వనని జడ్జిగారికి చెప్పాడు. శేషగిరి చిరునవ్వుతో లేచి, అయితే కేసు కొట్టెయ్యమన్నాడు.

“వేరే సాక్ష్యం తెమ్మన్నారు గదమ్మా,” అంది దీవెన. “తెచ్చాం.”

మొదట నాగూర్‌బీ కూర్చుంది. ఆస్పత్రిలో ఊడ్చే పని చేస్తుంది. టోపీ పెట్టి, “అర్థమైందా?” అని దీవెన అడగ్గానే ఎడమ చెయ్యి లేచింది. స్పీకరు పలికింది. “ఒక్క చెయ్యి కింద కనపడిందా, వీపు చీరేస్తా!” నాగూర్‌బీ టోపీ తీసి తల తడుముకుంది. నెత్తిన గంప దించినంత తేలిగ్గా ఉందని జడ్జిగారితో చెప్పింది. కోటిలింగానికి ఎదురుగా నిలబడి, చేతులు నడుముకు పెట్టుకుని, ఆయన్ని తనివితీరా చూసి మరీ పోయింది.

తర్వాత ఆటో నడిపే అతను. తర్వాత మిల్లు కూలీలు. ఒకరి తర్వాత ఒకరు. మనుషులు మారుతున్నారు, మాట మారలేదు. కుడి చెయ్యి, ఎడమ చెయ్యి, వీపు చీరేస్తా. కోటిలింగం గొంతు ఆ హాల్లో మోగుతూనే ఉంది, ఒక్కో తలలోంచి ఊడి పడుతూ. ఆయన చెవులు మూసుకున్నాడు. జడ్జిగారు చేతులు తియ్యమన్నారు. మంచినీళ్లడిగితే ఇచ్చారు, బయటికి పోతానంటే కూర్చోమన్నారు. దీవెన ప్రతిసారీ మీట తనే నొక్కింది, ఇంకెవరినీ నొక్కనివ్వలేదు. బయటికొచ్చిన గొంతు ఇక ఎవరి తలలోకీ తిరిగి పోదన్న సంగతి గుర్తొచ్చినప్పుడల్లా ఆమె కడుపు నిండింది. ఇన్నాళ్లకు ఆ యంత్రం మనుషుల తలల్లోంచి తీసుకోవాల్సిందే తీసుకుంటోంది.

శేషగిరి మధ్యలోనే కూర్చుండిపోయాడు. సరదాకి ఇంతమందితో ఎవరూ అనరు గదా.

తీర్పు అదే వారంలో వచ్చింది. హాలు మళ్లీ నిండింది. జడ్జిగారు కోటిలింగాన్ని నిలబడమని చదవడం మొదలుపెట్టారు. “ప్రతివాది తన సంస్థయందు అభ్యసించిన విద్యార్థుల అజ్ఞానమును బుద్ధిపూర్వకముగా మరుగుపరచుటయేగాక, అట్టి మరుగుపాటునే వారికి బోధించినందున, పూర్వపు తీర్పును రద్దు పరచుచు, వాది అనుభవించిన కారాగార కాలమునకు సమానమగు కాలము...” అలా చాలాసేపు చదివి, కాగితాల మీంచి అభిషేకం వంక చూశారు. “అర్థమైందా?”

హాలంతా వాడి చేతుల వంక చూసింది. రెండూ ఒళ్లోనే ఉన్నాయి.

“లేదండి,” అన్నాడు అభిషేకం లేచి నిలబడి. “మళ్లీ చెప్పండి. మాకు తెలిసేట్టు చెప్పండి.”

కూర్చోబోతున్న కోటిలింగం మళ్లీ నిలబడాల్సి వచ్చింది. జడ్జిగారు కాగితాలు పక్కన పెట్టి, కళ్లజోడు తీశారు.

“కోటిలింగం గారు మీకు చదువు చెప్పలేదు. చెప్పని సంగతి మీ చేతే దాచిపెట్టించారు. మీకు చదువు రాదని మీరు మొత్తుకుంటే ఈ కోర్టు కూడా నమ్మలేదు. అది మా తప్పు. మీ మీద పడ్డ శిక్ష కొట్టేశాం. ఏడుకొండలు చావుకు జవాబు చెప్పాల్సింది ఆయనే. బడికి తాళం పడుతుంది. మీరు జైల్లో ఎన్నాళ్లున్నారో, ఆయన అన్నాళ్లూ ఉంటారు. ఇప్పుడు అర్థమైందా?”

దీవెన తమ్ముడి మొహం చూసింది. అర్థమైంది. నిజంగా, పూర్తిగా, ప్రతి అక్షరం వాడికి అర్థమైంది. అంత బాగా అర్థమైన మొహాన్ని ఆమె ఎప్పుడూ చూడలేదు.

అభిషేకం కోటిలింగం వైపు తిరిగి, ఆయన కళ్లలోకి చూస్తూ, జడ్జిగారితో అన్నాడు.

“ఆ ఆఖరుది ఇంకొక్కసారి చెప్పండమ్మా.”